మాట వినబడాలంటే కుర్చీలు వేస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల ఒక క్లబ్ తరహా థియేటర్‌లో జరిగిన హిప్ హాప్ (డీజే వేసే డ్రమ్ముల మోత మీద ప్రాస మాటలను లయగా పలికే ర్యాప్, దానితో పాటు నాట్యం కలిసిన కళ) ప్రదర్శన మీద మీ పత్రికలో వచ్చిన సమీక్షను, దానిపై మరో పాఠకుడు రాసిన ఉత్తరాన్ని చదివాను. ఆ ప్రదర్శనకు నేనూ వెళ్ళాను. జాతి వివక్ష, అద్దె కట్టలేని వాళ్ళను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టడం, పోలీసుల జులుం, జైళ్ళు వంటి విషయాలను పాడే కళాకారులను కుర్చీలు తీసేసిన హాలులో, ఒక పక్క బార్ నడుస్తుండగా, రంగుల లైట్ల కింద నిలబెట్టడం ఆ విషయాల బరువును తగ్గించడమేనని ఆ పాఠకుడు వాదించారు. ఇలాంటి కార్యక్రమాన్ని వరుసగా కుర్చీలున్న ఆడిటోరియంలోనే జరపాలన్నారు. పాటల్లో సగం మాటలు తనకు తెలియలేదని కూడా ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదు నిజమే. నాకూ చాలాచోట్ల మాట అందలేదు. అయితే దానికి ఆయన చూపిన కారణం సరైనది కాదనీ, ఆయన సూచించిన మందు వేరే రోగానిదనీ నా అభిప్రాయం.

హిప్ హాప్ పుట్టిందే నిలబడి నాట్యం చేసేవాళ్ళ మధ్య. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో ఉన్న అపార్ట్‌మెంట్ భవనపు రిక్రియేషన్ గదిలో, సిండీ కాంబెల్ అనే అమ్మాయి బడులు తెరిచే ముందు కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టుకోవడానికి ఒక పార్టీ ఏర్పాటు చేసింది. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్; జమైకా నుంచి వలస వచ్చిన ఆ కుర్రవాణ్ణే లోకం డీజే కూల్ హెర్క్ అని పిలుస్తుంది. పాటలో గాత్రం ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది క్షణాలలోనే జనం ఎక్కువ ఉత్సాహంగా ఆడుతున్నారని అతను గమనించాడు. ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు టర్న్‌టేబుళ్ళ (రికార్డును తిప్పే పళ్ళేల) మీద పెట్టి, ఒకదాని మీద ఆ ముక్క అయిపోగానే రెండోదాని మీద అదే ముక్కను అందుకుంటూ ఆ క్షణాలను నిమిషాలుగా సాగదీయడం అతని పద్ధతి. ఆ డ్రమ్ముల మీద మైకులో వేసిన కేకలు, పిలుపులు, చమత్కారాలు క్రమంగా పెరిగి ర్యాప్ అయ్యాయి. ఈ వరుసను మరచి, నాట్యాన్ని ఈ కళకు తరువాత అంటుకున్న మురికిగా చూడటం చరిత్రను తలకిందులు చేయడమే.

సామాజిక స్పృహ ఆ గదిలోకి బయటి నుంచి తెచ్చిపెట్టినది కూడా కాదు. న్యూయార్క్ నగర నిర్మాణాలను నడిపించిన అధికారి రాబర్ట్ మోజెస్ ఆధ్వర్యంలో కట్టిన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే ఆ ప్రాంతాన్ని అడ్డంగా చీల్చి వేలాది కుటుంబాలను ఇళ్ళ నుంచి కదిలించింది. 1970లలో దక్షిణ బ్రాంక్స్‌లో వీధుల కొద్దీ భవనాలు తగలబడ్డాయి. అక్కడ పెరిగిన పిల్లలు ఆడుకున్నదీ, ఆ తరువాత దేని గురించి పాడారో అదీ ఒకే వీధి. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ పేరిట 1982లో ‘ద మెసేజ్’ వచ్చినప్పుడు ఆ సమూహంలోనే చాలామందికి ఆ పాట మీద నమ్మకం కుదరలేదు. కష్టాలను కాసేపు మరచిపోదామని పార్టీకి వచ్చినవాళ్ళకు మళ్ళీ ఆ కష్టాల పాటేనా అన్నది వాళ్ళ సందేహం. చివరికి సమూహం నుంచి మెల్లీ మెల్ ఒక్కడే, పాట రాసిన ఎడ్ ఫ్లెచర్‌తో కలిసి, దాన్ని ర్యాప్ చేశాడు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ ధ్వనిముద్రణల జాబితాను ప్రారంభించినప్పుడు, 2002 నాటి మొదటి విడతలోనే దానికి చోటు దక్కింది. నాకు ఇక్కడ ముఖ్యంగా కనిపించేది మరో సంగతి: అప్పటి పార్టీ రికార్డుల కంటే ఆ పాట నడక నెమ్మది. మాట దిగడానికి చోటు కావాలని దాన్ని తయారు చేసినవాళ్ళకు తెలుసు. అలాగని డ్రమ్ములను వదులుకోలేదు, జనాన్ని కూర్చోబెట్టాలనీ అనుకోలేదు.

గంభీరమైన విషయానికి క్లబ్బు తగదన్న వాదనకు హిప్ హాప్ కంటే చాలా ముందే జవాబు దొరికింది. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో 1938 చివర బార్నీ జోసెఫ్‌సన్ కెఫే సొసైటీ అనే నైట్ క్లబ్బు తెరిచాడు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు ఒకేచోట కూర్చోవడం ఆ నగరంలో సైతం అరుదైన రోజుల్లో అక్కడ ఆ భేదం పాటించలేదు. 1939లో నల్లజాతి జాజ్ గాయని బిల్లీ హాలిడే ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాడింది అక్కడే. దక్షిణాది రాష్ట్రాలలో నల్లవాళ్ళను మూకలు కొట్టి చంపి చెట్లకు వేలాడదీయడం గురించి బ్రాంక్స్‌లో బడిపంతులుగా పనిచేస్తున్న ఏబెల్ మీరొపాల్ రాసిన పాట అది. ఆ పాట కోసం క్లబ్బు కొన్ని నియమాలు పెట్టుకుంది. దాన్ని కార్యక్రమం చివరనే పాడాలి. అది మొదలయ్యే ముందు వెయిటర్లు వడ్డన ఆపాలి. ఆమె ముఖం మీద ఒక్క దీపం తప్ప మిగతా లైట్లన్నీ తీసేయాలి. పాట అయిపోగానే ఆ దీపమూ ఆరిపోవాలి. ఎంత చప్పట్లు కొట్టినా ఆమె మళ్ళీ వేదిక మీదికి రాకూడదు. ఆమెతో ఒప్పందం ఉన్న కొలంబియా సంస్థ ఆ పాటను రికార్డు చేయడానికి ఒప్పుకోకపోతే కమడోర్ అనే చిన్న సంస్థ చేసింది. అంటే, పెద్ద సంస్థ ముట్టుకోవడానికి జంకిన పాటను మద్యం అమ్మే చోటు భరించింది, పైగా దానికి తగిన మర్యాద ఏమిటో తానే ఆలోచించి ఏర్పాటు చేసింది.

మేము చూసిన ప్రదర్శనలో లోపించింది ఆ ఆలోచనే. కార్యక్రమం నడిమిలో ఒక యువతి, ఇంటి సామాను వీధిలో పెట్టించుకున్న కుటుంబం గురించి, దాదాపు వాద్యం లేకుండా, కథ చెబుతున్నట్టు ఒక పాట అందుకుంది. ఆ సాయంత్రం మొత్తానికి అంతకంటే బాగా రాసినది మరొకటి లేదని నా అభిప్రాయం. సరిగ్గా అప్పుడే బార్ దగ్గర ఐసు గిలకొట్టే చప్పుడు, సీసాలు డబ్బాలో పడే చప్పుడు, కార్డు పనిచేయలేదని ఎవరో వాదిస్తున్న చప్పుడు. దీనికి హాలును ఏమని తప్పుపడతాం? ఆ ఒక్క పాటకు అమ్మకం ఆపమని ముందుగా ఎవరో ఒకరు చెప్పవలసింది, ఎవరూ చెప్పలేదు. ఇలాంటి థియేటర్లకు టికెట్ల కంటే బార్ ద్వారానే ఎక్కువ రాబడి ఉంటుందనీ, దాన్ని మూసేస్తే తలుపులే మూసుకోవాలనీ నిర్వాహకులు అంటే కాదనను. నేనడిగేది గంటన్నరలో ఏడెనిమిది నిమిషాలు. ఏ పాటకు అమ్మకం ఆపాలో కళాకారులు పాటల పట్టికలోనే గుర్తుపెట్టి ఇస్తే సరిపోతుంది.

నాట్యాన్నీ, మద్యాన్నీ, నిలబడి వినడాన్నీ ఒక గాట కట్టి అనుమానించడం మొదలుపెడితే అది ఎక్కడిదాకా పోతుందో కూడా న్యూయార్క్ చరిత్రే చెబుతుంది. తిండీ మద్యం అమ్మే చోట లైసెన్సు లేకుండా జనం నాట్యం చేయకూడదంటూ ఆ నగరం 1926లో చేసిన క్యాబరే చట్టం 2017 దాకా రద్దు కాలేదు. నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే హార్లెం పేటలోని జాజ్ క్లబ్బులను అదుపు చేయడానికే దాన్ని వాడారన్న విమర్శ దాని వెంటే నడిచింది. ఆ తరువాత వచ్చిన క్యాబరే కార్డుల (క్లబ్బులలో పనిచేయడానికి ఉండవలసిన అనుమతి పత్రాల) నిబంధన కింద 1947లో బిల్లీ హాలిడే కార్డును రద్దు చేయడంతో ఆమెకు ఆ నగరపు క్లబ్బులలో పాడే హక్కే లేకుండా పోయింది. ఉత్తరం రాసిన పాఠకుడి ఉద్దేశం ఇది కాదని నాకు తెలుసు. కానీ ‘ఇలాంటి పాటలకు ఇది తగిన చోటు కాదు’ అనే మాట అధికారం చేతిలో పడినప్పుడు చోటుతో పాటు పాట కూడా పోయిన సందర్భాలు ఉన్నాయి.

ఇక అసలు లోపానికి వస్తాను. అది ధ్వనిలో ఉంది. మాటను మాటగా నిలిపేవి ప్రధానంగా హల్లులు. వాటిని ఒకదాని నుంచి ఒకటి వేరుపరచే ధ్వని చాలావరకు సుమారు 2,000 హెర్ట్జ్‌కు (అంటే సెకనుకు 2,000 కంపనాలకు) పైన ఉంటుంది, పైగా అది బలహీనమైనది. అచ్చుల బలం అంతకంటే కింద ఉంటుంది. బేస్ డ్రమ్ము బలమంతా దాదాపు 100 హెర్ట్జ్ లోపలే. ఇవి వేర్వేరు అంతస్తులలో ఉన్నాయి కదా, అడ్డు రావెందుకు అనుకోవచ్చు గాని, మన చెవి నిర్మాణమే అలాంటిది: కింది స్థాయి ధ్వని చాలా గట్టిగా ఉన్నప్పుడు అది పైస్థాయిలోని సన్నని ధ్వనులను కప్పేస్తుంది. అందుకే బేస్ (ఈ కింది స్థాయి ధ్వని) పెంచిన కొద్దీ గొంతు వినబడుతూనే ఉంటుంది, మాట మాత్రం మాయమవుతుంది. సెకనుకు ఐదారు అక్షరాలు దొర్లే ర్యాప్‌లో ఒక హల్లు జారితే పదం పోతుంది, పదం పోతే ప్రాస పోతుంది, ప్రాసలో దాచిన ఎత్తిపొడుపు పోతుంది. ప్రేమ పాటకైతే ఈ నష్టం కొంత ఓర్చుకోవచ్చు. ఒక చట్టాన్ని, ఒక తీర్పును, ఒక ఊరి అన్యాయాన్ని వాదనలా పేర్చుకుంటూ పోయే పాటకు మాట పోయాక మిగిలేది ఊపు ఒక్కటే.

ఈ స్థితిలో కుర్చీలున్న ఆడిటోరియానికి మారితే మేలు జరుగుతుందా? చాలాసార్లు కీడే జరుగుతుంది. సింఫనీ వాద్యబృందాల కోసం కట్టిన పెద్ద హాళ్ళలో ఒక ధ్వని పూర్తిగా చల్లారడానికి రెండు సెకన్ల వరకు పడుతుంది. వయొలిన్లకు అది అందం. మాట స్పష్టంగా తెలియాలంటే ఆ వ్యవధి సెకను, అంతకంటే తక్కువ ఉండాలి. అలాంటి హాలులో మైకు పెట్టి ర్యాప్ చేస్తే ఒక పాదం తోక మీద మరో పాదం తల పడుతుంది. తక్కువ ఎత్తు కప్పు, బరువైన తెరలు, దగ్గరదగ్గరగా నిలబడిన మనుషులు ఉన్న చిన్న క్లబ్ థియేటర్ ఈ విషయంలో నిజానికి అనువైన చోటు; మనుషుల ఒళ్ళూ బట్టలూ ధ్వనిని బాగా పీల్చుకుంటాయి. ఖాళీ హాలులో మధ్యాహ్నం సరిచేసిన ధ్వనిని జనం నిండాక మళ్ళీ సరిచేసుకోవాలని సౌండ్ ఇంజినీర్లకు తెలియనిది కాదు. ఆ సాయంత్రం మొదటి మూడు నాలుగు పాటల దాకా ఆ పని జరిగినట్టు నాకు తోచలేదు.

కళాకారుల తప్పు కూడా ఉంది, దాన్ని దాచను. ఇద్దరు ర్యాపర్లు మైకు తలను పిడికిటితో పూర్తిగా మూసి పట్టుకున్నారు. చూడటానికి అదొక తీరు. కానీ వేదిక మైకు ముందు నుంచి వచ్చే గొంతునే ఎక్కువగా పట్టుకుని వెనక నుంచి వచ్చే ధ్వనిని వదిలేయడానికి దాని జాలీ వెనక ఉన్న సందులే ఆధారం. అరచేత్తో వాటిని మూసేస్తే ఆ విచక్షణ పోయి అన్ని దిక్కుల ధ్వనీ లోపలికి వస్తుంది, గొంతు బొంగురుపోతుంది, స్పీకర్లు కీచుమంటాయి. రెండోది, తమ గొంతునే ముందుగా రికార్డు చేసి వెనక వినిపిస్తూ దాని మీద పాడటం. ఊపిరి అందని చోట రెండు పదాలకు ఆసరాగా వాడితే ఎవరూ తప్పుపట్టరు. పాట పొడవునా వాడితే రెండు గొంతులు అరక్షణం తేడాతో ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. ఇంతటి విషయం పాడేవాళ్ళకు తమ మాట మీద తమకే అంత నిర్లక్ష్యం ఉండటం నాకు ఆశ్చర్యం కలిగించింది.

పాటకూ పాటకూ మధ్య ఉపన్యాసాలు కూడా కొంత విసిగించాయి. పాటలో ఒక తల్లి పేరుతో, ఒక వీధి మలుపుతో, ఒక కోర్టు కాగితంతో చెప్పిన విషయాన్నే పాట అయిపోయాక ‘వ్యవస్థ మారాలి’ అని మళ్ళీ చెబితే అంతకు ముందు చెప్పింది పలచబడుతుంది. దానికి మారుగా డీజే చేసిన ఒక పని ఎంతో గొప్పగా ఉంది. ఒక చరణంలో నాలుగు పాదాల సేపు బీట్ పూర్తిగా తీసేసి గొంతును ఒంటరిగా వదిలేశాడు. అప్పటిదాకా ఎగురుతున్న జనం ఎక్కడివారక్కడ ఆగి విన్నారు. బీట్ తిరిగి పడగానే ఆ నాలుగో పాదపు చివరి మాటను హాలంతా తిరిగి అరిచింది. నిలబడినవాళ్ళు వినరన్న వాదనకు నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి సమాధానం లేదు.

హిప్ హాప్ అంటేనే హింస, స్త్రీలను కించపరచడం అని ఆ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. అలాంటి పాటలు చాలానే ఉన్నాయి, వాటిని సమర్థించే పని నాది కాదు. వాటిని మొదట ఎదిరించినవాళ్ళు కూడా ఈ కళలోనే ఉన్నారని మాత్రం గుర్తుచేస్తాను. తన సహచరుడు స్కాట్ లా రాక్ 1987లో తుపాకీ కాల్పులకు బలయ్యాక ర్యాపర్ కేఆర్‌ఎస్-వన్ మొదలుపెట్టిన హింసా వ్యతిరేక ఉద్యమం 1989లో పలువురు ర్యాపర్లతో ఒక ఉమ్మడి రికార్డు చేయించి, వచ్చిన సొమ్మును నల్లవాళ్ళ హక్కుల కోసం పనిచేసే నేషనల్ అర్బన్ లీగ్ అనే సంస్థకు ఇచ్చింది. వీధిలో ఆడవాళ్ళను తిట్టేవాళ్ళను, ఇంట్లో కొట్టేవాళ్ళను నిలదీస్తూ 1993లో ర్యాపర్ క్వీన్ లతీఫా చేసిన పాటకు గ్రామీ బహుమతి వచ్చింది.

కుర్చీల విషయంలో ఆ పాఠకుడితో ఒక మేరకు ఏకీభవిస్తాను. గంటన్నర నిలబడలేని పెద్దవాళ్ళకు, వికలాంగులకు, గర్భిణులకు హాలు పక్కన, వేదిక కనిపించే ఎత్తులో కొన్ని కుర్చీలు ఉండటం దయకు సంబంధించిన విషయం కాదు, వాళ్ళూ టికెట్టు కొన్నవాళ్ళే. ధ్వని తీవ్రతకు కూడా ఒక హద్దు ఉండాలి. వేడుకల స్థలాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం, 15 నిమిషాల సగటు చూసినప్పుడు ధ్వని 100 డెసిబెళ్ళు మించకూడదు. చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్ద స్థలం, చెవి ప్లగ్గులు అందుబాటులో ఉండాలని కూడా అది చెబుతుంది. తీవ్రత తగ్గిస్తే హుషారు తగ్గుతుందని భయపడేవాళ్ళు, బేస్ కాస్త తగ్గించగానే మాట ఎంత పైకి తేలుతుందో ఒకసారి పరీక్షించి చూడవచ్చు. ఒపేరా హాళ్ళలో 1983లో టొరంటోతో మొదలైన పద్ధతిలో, వేదిక పైన తెర మీద పాట మాటలు వేయమని నాతో వచ్చిన మిత్రుడు అన్నాడు. నాకది నచ్చలేదు. కళ్ళు తెర మీద ఉంటే పాడేవాడి భుజం, చెయ్యి, ఊపిరి కనబడవు, వాటిలోనూ సగం అర్థం ఉంటుంది. దాని కంటే పాటల సాహిత్యాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి లోపలికి వచ్చేటప్పుడే ఇవ్వడం మేలు. వినికిడి లోపం ఉన్నవారి కోసం వేదిక పక్కన సంజ్ఞా భాషలో వివరించేవారిని నిలబెట్టడం అమెరికాలో ర్యాప్ కచేరీలకు కొత్త కాదు. లయనూ ప్రాసనూ చేతులతో చూపించగల అనువాదకులు అక్కడ ఉన్నారు.

చివరగా మీ పత్రిక గురించి. మీరు ప్రచురించిన సమీక్షలో లైట్ల గురించి ఉంది, జనం కేరింతల గురించి ఉంది, కళాకారుల దుస్తుల గురించి సైతం ఒక పేరా ఉంది. వాళ్ళు ఏం పాడారో ఒక్క పాదం కూడా లేదు. కవితా సంకలనాన్ని సమీక్షిస్తూ అట్ట గురించి మాత్రమే రాస్తే మీరే ఒప్పుకోరు. 2018లో ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బంకు, పత్రికా రచనకూ సాహిత్యానికీ సంగీతానికీ అమెరికాలో ఇచ్చే పులిట్జర్ బహుమతిని సంగీత విభాగంలో ఇచ్చారు. అంతకు ముందు ఆ విభాగంలో శాస్త్రీయ, జాజ్ రచనలకు తప్ప మరి దేనికీ ఆ బహుమతి దక్కలేదు. ఆ కమిటీ తీర్పును మనం శిరసావహించనక్కరలేదు గాని, ఈ పాటలను రచనలుగా చదవవచ్చని అది ఒప్పుకున్న మాట నిజం. ఇటుపైన ఇలాంటి ప్రదర్శనకు సమీక్షకుణ్ణి పంపేటప్పుడు పాటల సాహిత్యం ముందుగానే తెప్పించి ఇవ్వండి. అతను చదివి వెళితే, హాలులో ఏ మాట వినబడిందో, ఏది వినబడలేదో, అది ఎవరి పొరపాటో కూడా రాయగలుగుతాడు.

ఉత్తరం రాసిన ఆ పాఠకుడు మరో ప్రదర్శనకు వెళ్ళదలిస్తే ఆయనకు ఒక సూచన. స్పీకర్ల ముందూ, బాల్కనీ కిందా నిలబడవద్దు. గోడల మూలల్లోనూ వద్దు, బేస్ అక్కడ పోగుపడుతుంది. హాలు మధ్యలో సౌండ్ ఇంజినీర్ తన బల్ల పెట్టుకున్న చోటికి దగ్గరగా నిలబడండి. ఆయన తన చెవులకు ఎలా వినబడితే అలాగే సరిచేస్తాడు కాబట్టి, ఉన్నంతలో మాట బాగా వినబడే చోటు అదే.

భవదీయుడు,
మీ పాఠకుడు